బోర్డుకే సోల్డర్ చేసిన ర్యామ్ పోతే ఏ చిప్ పోయిందో కనిపెట్టి మార్చడం ఎలా

ఒకప్పుడు డిస్‌ప్లే రాని ల్యాప్‌టాప్ ఎవరైనా తెస్తే ముందు చేసే పని ఒకటే, వెనక మూత విప్పి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం. చాలా కేసులు అక్కడే తేలిపోయేవి. ఇప్పుడు మూత విప్పితే రుద్దడానికి ఏమీ దొరకదు. చిటికెన వేలి గోరంత నల్ల చిప్పులు నాలుగు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. కంపెనీ వాళ్లని అడిగితే మదర్‌బోర్డే మార్చాలంటారు, ఆ డబ్బుకి ఇంకొంత వేసుకుంటే కొత్త ల్యాప్‌టాప్ వచ్చేలా ఉంటుంది.

చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లకి ఇది అసాధ్యమైనదేం కాదు. కాకపోతే చాలామంది తిరగేసి చేస్తారు, ముందు వేడి గాలి కొట్టే బ్లోయర్ పట్టుకుంటారు, తర్వాత ఆలోచిస్తారు. నాలుగు చిప్పుల్లో ఏది పోయిందో తెలియకుండా నాలుగింటికీ వేడి కొట్టి, బాగున్న మూడింటినీ అనుమానంలో పడేస్తారు. నేనూ అలా చేసినవాణ్ణే, అందుకే ఈ గైడ్‌లో సగానికి పైగా వేడి ఊసే ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా డీడీఆర్4 రకం ర్యామ్ ఉన్న బోర్డుల గురించి, అందులోనూ మన దగ్గర బాగా కనిపించే రకం గురించి, అంటే 4 జీబీ బోర్డు మీద, పక్కనే ఇంకో ర్యామ్‌కి ఒక స్లాట్. పల్చటి ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎల్‌పీడీడీఆర్4 చిప్పులకి సాధారణంగా 200 బాల్స్ (చిప్‌ని బోర్డుకి అతికించే, అడుగున ఉండే సోల్డర్ గుండ్లు) ఉంటాయి, వాటికీ ఆలోచన ఇదే కానీ చెయ్యి ఇంకా తిరిగి ఉండాలి. ఆపిల్ ఎం1 దగ్గర్నుంచి వచ్చినవి, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ ఉన్నవి అయితే ఆశ పెట్టుకోకండి, వాటిలో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే కూర్చుని ఉంటుంది.

ముందు చేయకూడని పనులు

ర్యామ్ మీద అనుమానం వచ్చిన మరుక్షణం ఆ ల్యాప్‌టాప్‌లో బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయొద్దు. ఫైల్ ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి బయాస్ చిప్‌లోకి వెళ్తుంది, దారిలో ఒక్క బిట్ తిరగబడితే ఉన్న సమస్యకి డెడ్ బోర్డు తోడవుతుంది. బ్యాకప్ కూడా అదే మెషీన్ మీద తీయకండి, ఎస్‌ఎస్‌డీ విప్పి వేరే సిస్టమ్‌కి తగిలించి తీయండి, లేకపోతే కాపీ అయిన ఫొటోలు సగం తెరుచుకోవు.

విండోస్ 11 ఉంటే ఇంకో చిక్కు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ బూట్ కావడానికి సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, అలా ఆపాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఓనర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూపించమనండి. పనంతా అయ్యాక ఆ కీ లేక టెన్షన్ పడే కంటే ఇది నయం.

స్లాట్ ఖాళీ చేసి టెస్ట్ పెట్టడం

ర్యామ్ పోయిందనిపించే లక్షణాలు మీకు తెలిసినవే. బ్లూ స్క్రీన్ వస్తుంది, ప్రతిసారీ వేరే పేరుతో వస్తుంది. విండోస్ ఇన్‌స్టాల్ ఒక్కోసారి ఒక్కో శాతం దగ్గర ఆగుతుంది. పెద్ద జిప్ ఫైల్ ఒకసారి తెరుచుకుంటుంది, ఇంకోసారి సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ పాడైంది అంటుంది. ఇలా పొంతన లేకుండా ఉంటేనే ర్యామ్‌ని అనుమానించండి. ఎప్పుడూ ఒకే చోట ఒకేలా ఆగుతుంటే డ్రైవరో, ఎస్‌ఎస్‌డీయో అయ్యే అవకాశం ఎక్కువ.

స్లాట్‌లో ఉన్న విడి ర్యామ్ స్టిక్ తీసేయండి. బోర్డు మీది ర్యామ్ ఒక్కదాంతోనే ఆన్ చేసి మెమ్‌టెస్ట్86+ నడపండి, ఉచితమే, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది. విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ వద్దా అంటే, తప్పు ఉందో లేదో అది చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు, మనకి కావాల్సింది రెండోది. స్టిక్ తీయకుండా టెస్ట్ చేస్తే రెండు ఛానెళ్ల అడ్రస్‌లు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి, కనిపించే ఎర్రర్ బోర్డుదో స్టిక్‌దో తేలదు. కనీసం నాలుగు పాస్‌లు, అంటే నాలుగు పూర్తి రౌండ్లు పోనివ్వండి, వీలైతే రాత్రంతా వదిలేయండి. కొన్ని చిప్పులు చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, వేడెక్కాకే తిరగబడతాయి.

ఎర్రర్ లైన్ చదవడం

అసలు రోగం పట్టుబడేది ఇక్కడే. మెమ్‌టెస్ట్ ప్రతి ఎర్రర్‌కి అడ్రస్, రావాల్సిన విలువ, వచ్చిన విలువ చూపిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. రావాల్సింది 0000000000000000, వచ్చింది 0000000000400000. ఇవి హెక్స్ (16 ఆధారంగా రాసే) అంకెలు, ఒక్కోటి 4 బిట్‌లు. మొత్తం 16 అంకెలు, అంటే 64 బిట్‌లు. కుడి చివర నుంచి రెండేసి అంకెల చొప్పున విడదీయండి. మొదటి జత 00, రెండోది 00, మూడోది 40. ఒక్కో జత ఒక బైట్, అంటే మెమరీ బస్సులో 8 డేటా లైన్లు. మొదటి జతవి 0 నుంచి 7, రెండోదానివి 8 నుంచి 15, మూడోదానివి 16 నుంచి 23. అందులో 40 అంటే 0 నుంచి లెక్కిస్తే ఆరో బిట్, కాబట్టి తప్పుతున్నది డేటా లైన్ 22.

నాలుగు చిప్పుల బోర్డులో ఒక్కో చిప్ 16 లైన్లు మోస్తుంది, 16 నాలుగులు 64. లైన్ 22 అంటే 16 నుంచి 31 దాకా మోసే చిప్. బోర్డు మీద అది ఎడమ నుంచి రెండోదే కావాలని మాత్రం లేదు, డిజైన్ చేసినవాళ్లు తమ వీలుని బట్టి అటూ ఇటూ మారుస్తారు, అందుకే స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) గానీ బోర్డ్‌వ్యూ (బోర్డు మీద ఏది ఎక్కడుందో చూపే ఫైల్) గానీ తెరిచి 22వ డేటా లైన్ ఏ చిప్‌కి వెళ్తోందో కళ్లారా చూడండి. ఊహ మీద చిప్ తీయొద్దు.

టెస్ట్ 16 అంకెలు కాకుండా 8 అంకెలే చూపిస్తుంటే అడ్రస్ చివరి అంకె చూడండి. 0 లేదా 8 అయితే అది కింది 32 లైన్లది. 4 గానీ, హెక్స్ లెక్కలో 12కి రాసే అక్షరం సీ గానీ ఉంటే పై 32 లైన్లది, వచ్చిన బిట్ నంబరుకి 32 కలపాలి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి, లేకపోతే గందరగోళపడతారు. ఒక లైన్ శాశ్వతంగా 0 దగ్గర ఇరుక్కుపోయినా, మెమ్‌టెస్ట్‌లో కాసేపు 1 రావాల్సిన చోట 0, కాసేపు 0 రావాల్సిన చోట 1 వచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఇంటెల్ మెమరీ కంట్రోలర్లు డేటాని ఉన్నదున్నట్టు రాయవు, బిట్‌లను ఒక క్రమంలో తిరగేసి రాసి, చదివేటప్పుడు మళ్లీ సరిచేస్తాయి, అందుకే అలా. బిట్ స్థానం మాత్రం మారదు, మనకి కావాల్సింది అదే.

ఇప్పుడు ఎర్రర్‌లన్నీ కలిపి చూడండి. ఒకే బిట్, 4 జీబీ అంతటా ఎక్కడ పడితే అక్కడ తప్పుతుంటే ఆ లైన్‌దే సమస్య, అంటే పగిలిన సోల్డర్ బాల్ కావచ్చు, చిప్ లోపలి ఆ పిన్ కావచ్చు. అదే బిట్, కానీ అడ్రస్‌లన్నీ ఒక చిన్న పరిధిలోనే ఉంటే చిప్ లోపల కొన్ని సెల్స్ చచ్చాయని. ఒక చిప్‌కి చెందిన 16 లైన్లలోనే రకరకాల బిట్‌లు తప్పుతుంటే ఆ చిప్ కింద అడ్రస్ లైన్ బాల్ ఏదో ఊడి ఉండవచ్చు. 64 లైన్లలోనూ చెల్లాచెదురుగా తప్పులుంటే చిప్పుల జోలికి పోకుండా ఓల్టేజీలు చూడండి.

రెండో రకానికి, అంటే చిన్న పరిధిలో సెల్స్ పోయినదానికి, చిప్ మార్చకుండానే గడిపేయొచ్చు. లినక్స్‌లో కెర్నల్‌కి, విండోస్‌లో బూట్ సెట్టింగ్స్‌కి ఫలానా అడ్రస్‌లు వాడొద్దని చెప్పే వీలుంది. చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్ అయితే నేను ముందు ఇదే చేసి ఇస్తాను, ఆ పరిధి పెరిగితే అప్పుడు రమ్మంటాను.

చిప్ తేలాక వేలితో ఓ మోస్తరుగా నొక్కి పట్టుకుని మళ్లీ టెస్ట్ పెట్టండి. నొక్కినప్పుడు ఎర్రర్‌లు ఆగి, వదిలితే మొదలైతే బాల్ పగిలిందనే లెక్క. ఆ కేసుల్లో కొత్త చిప్ కూడా అక్కర్లేదు, అదే చిప్ తీసి రీబాల్ చేసి, అంటే అడుగున కొత్త బాల్స్ వేసి పెడితే సరిపోవచ్చు. పైనుంచి ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వేసే జిగురు) వేసి ఊరికే వేడి కొట్టి ఇచ్చేవాళ్లున్నారు, కొన్నాళ్లకి అదే ల్యాప్‌టాప్ తిరిగి వాళ్ల టేబుల్ మీదికే వస్తుంది.

అసలు డిస్‌ప్లేనే రాకపోతే

మెమ్‌టెస్ట్ దాకా రాని బోర్డుల్లో మల్టీమీటరే దిక్కు. డీడీఆర్4కి మూడు ఓల్టేజీలు ఉండాలి: 1.2 వోల్టులు, 2.5 వోల్టులు, టెర్మినేషన్‌కి 0.6. మూడోది చాలామంది చూడరు. అడ్రస్ లైన్లు నాలుగు చిప్పుల మీదుగా ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లి, చివర్లో ఉన్న చిన్న రెసిస్టర్ల ద్వారా ఆ 0.6 దగ్గర ముగుస్తాయి. అది లేకపోతే నాలుగు చిప్పులూ బాగున్నా ల్యాప్‌టాప్ లేవదు. ప్రతి చిప్ పక్కన 240 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది, నీళ్లు పడ్డ బోర్డుల్లో అది తుప్పు పట్టి పాడై ఉండొచ్చు, అదీ కొలవండి. 1.2 లైన్ షార్ట్ అయితే డీసీ మెషీన్‌తో (కావాల్సిన వోల్టేజీ ఇచ్చే పవర్ సప్లై) 1 వోల్టు మించకుండా ఇచ్చి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పూసి, ఏ చిప్ మీద ముందు ఆరుతుందో చూడండి. ఆ లైన్ మీద ప్రాసెసర్ కూడా ఉందని మర్చిపోవద్దు, ఎక్కువ ఇస్తే అదీ పోతుంది.

చిప్ ఎక్కడ దొరుకుతుంది

చిప్ మీద నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా రాసుకోండి. ఉదాహరణకి శాంసంగ్ కే4ఏ8జీ165డబ్ల్యూసీ-బీసీటీడీ తీసుకుంటే, కే4ఏ అంటే డీడీఆర్4, 8జీ అంటే 8 గిగాబిట్‌లు అంటే 1 జీబీ, తర్వాతి 16 అంటే 16 డేటా లైన్లు, చివరి బీసీటీడీ 2666 స్పీడ్‌ది. మైక్రాన్ చిప్పుల మీద అయిదు అక్షరాల కోడే ఉంటుంది, దాన్ని మైక్రాన్ సైట్‌లో వేస్తే పూర్తి నంబరు వస్తుంది.

అచ్చం అదే నంబరు ఎందుకంటే, సోల్డర్ చేసిన ర్యామ్‌కి సాధారణంగా స్టిక్‌కి ఉన్నట్టు తన వివరాలు తానే చెప్పే ఎస్‌పీడీ చిప్ ఉండదు. ఏ కంపెనీ చిప్పులు, ఎంత సైజు, ఏ టైమింగ్ అన్నది బయాస్‌లోనే రాసి ఉంటుంది, అందులో ఏ పట్టిక వాడాలో బోర్డు మీద ఉండే మూడు నాలుగు చిన్న రెసిస్టర్లు చెబుతాయి. శాంసంగ్ తీసి హైనిక్స్ పెట్టాలంటే నాలుగూ మార్చి, స్కీమాటిక్ చూసి ఆ రెసిస్టర్లు కూడా మార్చాలి. ఒక్క చిప్ కోసం అంత తతంగం అనవసరం.

ఇప్పుడు అసలు చిట్కా. ఆన్‌లైన్‌లో కొత్తవని అమ్మే చిప్పుల్లో పాతవి కడిగి మళ్లీ ముద్ర వేసినవి తగులుతుంటాయి. దానికంటే 4 జీబీ పాత ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్ ఒకటి కొనండి, లేబుల్ మీద 1ఆర్‌ఎక్స్16 అని ఉన్నది. దాని మీద సరిగ్గా మనకి కావాల్సిన రకం చిప్పులే నాలుగు ఉంటాయి. 8 జీబీకి మారినవాళ్లు వదిలేసిన ఇలాంటి స్టిక్‌లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ, కోఠి గుజరాతీ గల్లీలో గానీ వెతికితే దొరుకుతాయి, మీ ఊళ్లో సర్వీస్ షాపు అరలోనూ ఉంటాయి. నంబరు కలిసేది ఏరుకుని, ముందు స్లాట్‌లో పెట్టి మెమ్‌టెస్ట్ చేయండి. అలా పాసైన చిప్ మీద ఇక అనుమానం ఉండదు, పైగా ఒకటి పాడు చేసుకున్నా ఇంకో మూడు ఉంటాయి.

తీయడం

బ్యాటరీ, సీమాస్ బ్యాటరీ రెండూ విప్పండి. హీట్‌సింక్, ఫ్యాన్, స్పీకర్ తీసేయండి. చిప్ చుట్టూ వేడి తట్టుకునే కాప్టన్ టేపు, దాని పైన అల్యూమినియం టేపు. ప్రాసెసర్ వైపు, ప్లాస్టిక్ స్లాట్ వైపు రెండు పొరలు వేయండి, స్లాట్ కరిగితే అదింకో రోజు పని. చిప్ మూలల్లో ఎర్రగానో నల్లగానో గమ్ ఉంటే కాస్త వేడి చేసి, సన్నటి బ్లేడుతో ముందే గీకేయండి. ఆ గమ్ ఉండగా చిప్ లేపితే బోర్డు మీద బాల్స్ అతుక్కునే ప్యాడ్‌లు కూడా దాంతోపాటే లేస్తాయి. మొదటి బాల్ గుర్తుగా చిప్ మీద ఉండే చుక్క ఎటుందో ఫొటో తీసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

ఫ్యాక్టరీ సోల్డర్ సీసం లేనిది, 217 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. పై నుంచి బ్లోయర్ ఒక్కదాంతో అంత వేడి తేవాలంటే చిప్ ఉడికిపోతుంది, బోర్డు వంగుతుంది, కాబట్టి కింద ప్రీహీటర్ తప్పనిసరి. కింది నుంచి బోర్డు 150 దాకా వచ్చాక పైన ఫ్లక్స్ వేసి బ్లోయర్ తిప్పండి. నా మెషీన్‌లో 370 పెట్టి గాలి సగంలో ఉంచుతాను. మీ మెషీన్‌లో అదే అంకె అదే వేడి ఇస్తుందని లేదు, స్క్రాప్ బోర్డు మీద రెండు మూడు చిప్పులు తీసి చూసుకున్నాకే కస్టమర్ బోర్డు ముట్టుకోండి. వేడి కొలిచే థర్మోకపుల్ ఉంటే చిప్ పక్కన పెట్టండి, 240 చుట్టుపక్కల ఆపేయాలి, 260 దాటనివ్వద్దు.

కరిగిందో లేదో తెలిసేది ట్వీజర్‌తో. చిప్ అంచుని వెంట్రుకవాసి నెడితే, మెత్తగా జరిగి మళ్లీ తన చోటికి వచ్చేయాలి. అలా ఊగిందంటే నిలువుగా పైకి లేపండి. ఊగకుండా బిగుసుకుని ఉంటే ఇంకో పది సెకన్లు ఆగండి, ప్యాడ్‌లన్నీ పోయేది ఆ పది సెకన్ల ఓపిక లేకే. పొగ పీల్చొద్దు, ఫ్యాన్ పక్కకి తిప్పి పెట్టుకోండి, కానీ దాని గాలి బోర్డు మీద పడకూడదు.

ప్యాడ్‌లు కొలవడం

సోల్డరింగ్ ఐరన్ మీద కాస్త సీసం సోల్డర్ తీసుకుని ప్యాడ్‌ల మీద తిప్పితే పాత సోల్డర్ దాంతో కలిసి మెత్తబడుతుంది, అప్పుడు విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లిక) తేలిగ్గా లాగేయండి. నొక్కి రుద్దొద్దు. ఐపీఏతో కడిగి మైక్రోస్కోపు కింద చూస్తే అటు మూడు, ఇటు మూడు నిలువు వరుసలు, మధ్యలో ఖాళీ, మొత్తం 96 ప్యాడ్‌లు చదునుగా మెరుస్తూ కనిపించాలి.

ఇక్కడ ఆగండి. కొత్త చిప్ పెట్టేయాలని చెయ్యి లాగుతుంది. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ గ్రౌండ్‌కి, నల్లది 16 డేటా ప్యాడ్‌లకి ఒక్కోదానికీ తాకించండి. అన్నీ దాదాపు ఒకే అంకె చూపించాలి. ఒక్కటి ఓపెన్ అని వస్తే ఆ లైన్ ప్రాసెసర్ దాకా వెళ్లడం లేదన్నమాట.

ఇది నేను నేర్చుకున్నది ఒక ఇంజనీరింగ్ కుర్రాడి ల్యాప్‌టాప్ మీద. మెమ్‌టెస్ట్ స్పష్టంగా ఒకే బిట్ చూపించింది, చిప్ ఏదో తేలింది, స్టిక్ మీది చిప్ తెచ్చి నీట్‌గా మార్చాను. ఆన్ చేస్తే అదే బిట్. ఆ చిప్ కూడా పోయిందేమోనని ఇంకోటి మార్చాను, మళ్లీ అదే బిట్. మూడోసారి చిప్ లేపి, అప్పుడు గానీ ప్యాడ్‌లు కొలవలేదు, ఒకటి ఓపెన్. కుర్రాడిని గట్టిగా అడిగితే బస్సులో పై అర నుంచి బ్యాగు పడిందని ఒప్పుకున్నాడు. స్క్రూ బిగించే మూల దగ్గర బోర్డు లోపలి లైన్ తెగింది. సన్నటి జంపర్ వేసి చూశాను గానీ, అంత స్పీడ్ లైన్‌కి వైరు నిలకడగా పని చేయలేదు, చివరికి బోర్డే మార్చాల్సి వచ్చింది. మొదటిసారే అయిదు నిమిషాలు కొలిచి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

పెట్టడం

స్టిక్ నుంచి తీసిన చిప్‌కి రీబాలింగ్ చేయాలి. 96 బాల్స్ డీడీఆర్ స్టెన్సిల్, 0.45 మి.మీ. బాల్స్, సీసం ఉన్నవి వాడితే 183 డిగ్రీలకే కరుగుతాయి, చిప్‌కి రెండోసారి పడే వేడి తగ్గుతుంది. సీల్ విప్పి ఎన్నాళ్లో అయిన కొత్త చిప్ అయితే ముందు 125 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది గంటలు ఆరబెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమకి ఇది మరీ అవసరం, లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరైతే చిప్ పేలాలా ఉబ్బుతుంది. ప్లాస్టిక్ ట్రేతో సహా ఓవెన్‌లో పెట్టేయకండి.

ప్యాడ్‌ల మీద ఫ్లక్స్ పల్చగా, పొరలా చాలు. ఎక్కువైతే మరిగి చిప్‌ని పక్కకి తేలుస్తుంది. చుక్క ఫొటోలో ఉన్న వైపే పెట్టి, బోర్డు మీది తెల్ల గీతల మధ్య సర్ది, మళ్లీ కింద ప్రీహీట్, పైన బ్లోయర్. కరిగినప్పుడు చిప్ కొద్దిగా కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది. ట్వీజర్‌తో అదే వెంట్రుకవాసి నెట్టుడు, తిరిగి వచ్చి కూర్చుంటే బ్లోయర్ తీసేయండి. చల్లారేదాకా బోర్డు కదపొద్దు, ఊదొద్దు.

ఆన్ చేశాక

కడిగి, ఆరాక, 1.2 లైన్ షార్ట్ లేదని చూసి అప్పుడు పవర్ ఇవ్వండి. మొదటిసారి స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, ఫ్యాన్ తిరుగుతుంటుంది, ఒకటి రెండు సార్లు దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. కంగారుపడి బటన్ నొక్కొద్దు. సీమాస్ బ్యాటరీ తీశాం కదా, బయాస్ ర్యామ్ టైమింగ్‌లు మొదటి నుంచి కొలుచుకుంటోంది, రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు.

డిస్‌ప్లే వచ్చిందని మూత బిగించేయకండి. స్లాట్ ఖాళీగానే ఉంచి రాత్రంతా మెమ్‌టెస్ట్, ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. రెండో రాత్రి స్టిక్ పెట్టి, హీట్‌సింక్ పూర్తిగా బిగించి, మూత వేసి మళ్లీ టెస్ట్, ఎందుకంటే స్క్రూలు బిగించినప్పుడు బోర్డు మీద పడే ఒత్తిడి టేబుల్ మీద తెలియదు. అదీ పాసైతే ఓనర్‌కి ఒక మాట చెప్పి విండోస్ కొత్తగా వేయండి. ర్యామ్ పాడై ఉన్న రోజుల్లో డిస్క్‌లోకి ఏమేం తప్పుగా రాసిందో మనకి తెలియదు, పాత విండోస్ అలాగే ఉంచితే ఆ మిగిలిపోయిన తప్పులకి వచ్చే బ్లూ స్క్రీన్ కూడా మీరు మార్చిన చిప్ ఖాతాలోనే పడుతుంది.